సాయంత్రం నాలుగున్నరకి పిల్లలొస్తారు, అప్పుడేం చేయాలి?

బడి వదిలాక పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టుకునే వాళ్ళ కోసం రాస్తున్నానిది. దాన్ని మీరు ట్యూషన్ అన్నా, సాయంత్రం బడి అన్నా, స్టడీ సెంటర్ అన్నా నాకు ఒకటే. మీరు ఏదో సంస్థ నెలకింత అని ఇచ్చి పెట్టుకున్న డిగ్రీ అమ్మాయి కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో చాప పరిచి వాచ్‌మన్ పిల్లలకి చదువు చెప్పే గృహిణి కావచ్చు. అందరి కష్టం ఒక్కటే. నాలుగున్నరకి ముప్పై మంది ఒక్కసారిగా మీద పడతారు, ఆరున్నర దాకా వాళ్ళని పట్టుకోవాలి.

నేను పదకొండేళ్ళుగా ఒక చిన్న టౌన్లో, కాలనీ కమ్యూనిటీ హాల్లో ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది నాకు తెలిసిందల్లా బడిలో జరిగేదాన్నే ఇంకో రెండు గంటలు సాగదీయడం. ఎక్కాలు అప్పజెప్పించేదాన్ని, ఇంపోజిషన్లు రాయించేదాన్ని, అల్లరి చేస్తే గోడకుర్చీ కూడా వేయించేదాన్ని, సిగ్గుపడుతూనే చెప్తున్నా. మూడు నెలలు తిరిగేసరికి ముప్పై మంది కాస్తా పన్నెండు మందయ్యారు. ఆ పన్నెండు మందీ ఇంట్లో అమ్మ కేకలేసి తరిమితే వచ్చినవాళ్ళే. పొద్దున తొమ్మిది నుంచి బల్లకి అతుక్కుపోయి వచ్చిన పిల్ల ముందు మళ్ళీ ఇంకో బడి పెడితే ఎందుకొస్తుంది? కింద రాసిందంతా ఆ దెబ్బ తిన్నాక నేర్చుకున్నదే.

మొదటి ఇరవై నిమిషాలు పుస్తకం తెరవొద్దు

మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకో ఒంటిగంటకో అయిపోతుంది. నాలుగున్నరకి మీ దగ్గరికొచ్చే పిల్ల కడుపు ఖాళీ. మనం దాన్ని అల్లరి అంటాం, ఏకాగ్రత లేదంటాం, "వీడికి చదువు ఎక్కదు" అని తీర్పు కూడా ఇచ్చేస్తాం, వాడికి కావాల్సింది మాత్రం గుప్పెడు శనగలు. కిలో నల్ల శనగలు రాత్రి నానబోసి ఉడికిస్తే రెండు కిలోల పైచిలుకు అవుతాయి, ముప్పై మందికి తలా గుప్పెడు వస్తాయి. కాస్త ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ పిండితే చాలు. ఒకరోజు బొరుగులు, ఒకరోజు అటుకులు బెల్లం, ఒకరోజు అరటిపండు. డబ్బుల్లేకపోతే కాలనీలో అడగండి, మా దగ్గర కిరాణా కొట్టాయన నెలకి ఐదు కిలోల శనగలు ఇస్తాడు, చదువుకి చందా అడిగితే పది రూపాయలు ఇవ్వని మనిషి పిల్లల తిండికంటే కాదనలేదు. ఒక్క జాగ్రత్త. పెద్దపిల్లలు చంకనేసుకొచ్చే రెండేళ్ళ మూడేళ్ళ పసివాళ్ళకి పల్లీలు, శనగలు గింజలుగా పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. మెత్తగా నలిపి పెట్టండి, లేదా అరటిపండు ఇవ్వండి.

తిన్నాక చేతులు, నీళ్ళు, బాత్రూం. ఆ చివరిదాని గురించి ఎవరూ మాట్లాడరు. బడిలో బాత్రూం బాగోలేక పొద్దున్నుంచీ ఆపుకుని వచ్చే ఆడపిల్లలు ఉంటారు. మీ సెంటర్‌కి బాత్రూం లేకపోతే పక్కింటామెతో మాట్లాడి పెట్టుకోండి, ఏ ఆటలూ పాటలూ కొనకముందే చేయాల్సిన పని ఇది.

ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట. ఏడు పెంకులాట, తొక్కుడు బిళ్ళ, కోతి కొమ్మచ్చి, పిల్లలకి మీకంటే బాగా వచ్చు, మీరు నేర్పేదేం లేదు. మీ పనల్లా ఎవర్నీ ఆటలోంచి గెంటేయకుండా చూడటం. ఔటైన వాళ్ళు పక్కన కూర్చునే ఆటలు వద్దంటాను నేను, ఎందుకంటే ముందు ఔటయ్యేది ఎప్పుడూ ఆ నెమ్మదైన పిల్లే, ఎక్కువ ఆడాల్సిందీ ఆ పిల్లే. ఔటైన వాళ్ళు పది గుంజీలో పది గెంతులో వేసి తిరిగి ఆటలోకి రావచ్చు అని రూలు మార్చేయండి.

హోంవర్కు

నలభై నిమిషాలు, గడియారం చూసి. అంతకు మించి వద్దు. హోంవర్కుకి హద్దు గీయకపోతే అది సాయంత్రాన్నంతా మింగేస్తుంది, ప్రైవేటు స్కూళ్ళ పిల్లలున్న చోట మరీను. నలభై నిమిషాల్లో అవ్వకపోతే ఎంతవరకు అయిందో అక్కడ గీత గీసి "ఇంతవరకే చేయగలిగింది" అని నోటుబుక్కులో రాసి సంతకం పెట్టి పంపుతాను. మొదట్లో ఒకరిద్దరు టీచర్లకి కోపం వచ్చింది. తర్వాత ఒకావిడ తనే ఫోన్ చేసి "ఎక్కడ ఆగిపోతోందో ఇప్పుడు తెలుస్తోందండీ" అంది.

ముప్పై మంది "అక్కా, అక్కా" అని ఒకేసారి పిలిస్తే ఎవరికీ ఏమీ చెప్పలేం. మా దగ్గర వరస ఇది: ముందు పుస్తకాన్ని అడుగు, తర్వాత పక్కవాణ్ణి అడుగు, అప్పటికీ తెలియకపోతే పలక మీద నీ పేరు రాసి నా ముందు పెట్టు. పలకల వరసలోనే పిలుస్తాను. వారం రోజులు గోల, తర్వాత అలవాటైపోతుంది. ఇంకోటి, జవాబు మీరు చెప్పి రాయించకండి, తొందరగా అయిపోతుందనిపిస్తుంది గానీ రేపు అదే లెక్కతో మళ్ళీ మీ ముందే నిలబడతారు.

చదవడం రానివాళ్ళు ఉంటారు, వాళ్ళని ముందు కనిపెట్టండి

ఆరో తరగతి చదివే పిల్లాడికి రెండో తరగతి పాఠం చదవడం రాకపోవచ్చు. వాడు దాన్ని అద్భుతంగా దాచేస్తాడు, పక్కవాడి నోటుబుక్కు చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో దించేస్తాడు, ఆ రాత చూసి ఏడాదిపాటు మోసపోయాను నేను. కాబట్టి సెంటర్ మొదలెట్టిన మొదటి వారంలోనే ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి ఐదు నిమిషాలు చదివించండి. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే ఒకటుంది, 2005లో మొదలైంది, అందులో వాడే పద్ధతి సరిపోతుంది: ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. ఎక్కడ ఆగిపోయారో అదే వాళ్ళ మెట్టు. దాన్ని మీ పుస్తకంలో రాసుకోండి, గోడ మీద మాత్రం అతికించకండి.

తర్వాత రోజూ అరగంట తరగతి ప్రకారం కాకుండా మెట్టు ప్రకారం కూర్చోబెట్టండి. ఆరో తరగతివాడు మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోడానికి నామోషీ పడతాడు. వాడికి "నువ్వు వీళ్ళకి లీడర్, వీళ్ళతో చదివించు" అని పని ఇస్తే ఆ వంకన తనూ చదువుతాడు. ఇది చిన్న మోసమే, కాదనను.

తెలుగులో మన పిల్లలు బోల్తా పడేది అచ్చులు హల్లుల దగ్గర కాదు, ఒత్తుల దగ్గర. దానికి కాపీ రాయించడం కన్నా బస్సు బోర్డులు మేలు. ఊళ్ళ పేర్లు చీటీల మీద రాసి కుప్ప పోయండి: గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు, కర్నూలు, మార్కాపురం, ఖమ్మం, సిద్దిపేట, నల్గొండ, వరంగల్. ఒత్తు లేనివి ఒక బస్సు, అదే అక్షరం ఒత్తుగా వచ్చేవి ఒక బస్సు, వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి ఇంకో బస్సు. నెల్లూరు, చిత్తూరు, ఖమ్మం ఒక బస్సెక్కుతాయి, కర్నూలు, నల్గొండ వేరే బస్సు. వరంగల్ దగ్గర గొడవ మొదలవుతుంది, పొల్లు ఒత్తా కాదా అని, ఆ గొడవ ఆపకండి. ఊళ్ళ పేర్లు అయిపోతే సబ్బు కవర్లు, బిస్కెట్ ప్యాకెట్లు, పెళ్ళి శుభలేఖలు తెప్పించండి. శుభలేఖల్లో ఉన్నన్ని ఒత్తులు ఏ వాచకంలోనూ ఉండవు.

పొడుపు కథలు ఇంకో గని. "అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు, ఏంటవి?" పెదవులు అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. అక్కడితో వదిలేయకండి. అమ్మ అన్నప్పుడు ఎందుకు కలిశాయి, ఇంకే అక్షరాలకి కలుస్తాయి అని అడిగి క నుంచి హ దాకా అద్దం ముందు పలికించండి. ప, ఫ, బ, భ, మ దగ్గర దొరికిపోతాయి, ఐదూ వరసలో ఒకేచోట ఎందుకున్నాయో మీరు చెప్పక్కర్లేకుండానే ఎవరో ఒకరు పట్టేస్తారు. తర్వాత పెదవులు కలవకుండా ఒక పూర్తి వాక్యం చెప్పమనండి. "తాత చెట్టెక్కాడు" అన్నది మా దగ్గర ఒక మూడో తరగతి పిల్ల, తర్వాత వారం రోజులు ఆ తాత ఎన్ని చెట్లెక్కాడో చెప్పలేను.

ఇంటికెళ్ళి నానమ్మనో అమ్మమ్మనో అడిగి ఒక పొడుపు కథ పట్టుకు రావడమే శుక్రవారం హోంవర్కు. చదువురాని ఇంట్లో కూడా పిల్లకి సాయం చేయగల హోంవర్కు ఇదొక్కటే అనుకుంటా. తెచ్చినవన్నీ ఒక పెద్ద నోటుబుక్కులో వాళ్ళ చేతే రాయిస్తే మీ సెంటర్‌కి సొంత పుస్తకం తయారవుతుంది. కథల పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేకపోతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, ప్రింటు తీసుకోవచ్చు.

లెక్కలు గవ్వల్లోనూ ముగ్గుల్లోనూ ఉన్నాయి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

అష్టా చెమ్మా తీసుకోండి. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గళ్ళు, సుద్దముక్కతో నేల మీద గీసేయొచ్చు. గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజల్ని ఒకవైపు గచ్చు మీద అరగదీస్తే తెల్లగా అవుతాయి. ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. రెండ్రోజులు ఊరికే ఆడనివ్వండి. మూడో రోజు అడగండి, "అన్నిటికన్నా ఎక్కువసార్లు ఏ పందెం పడుతోంది?" ఒకడు అష్టా అంటాడు, వాడికి నిన్న రెండుసార్లు పడింది కాబట్టి. వాదించకండి. జట్టుకి నలుగురు, జట్టుకి వంద పందేలు, ఒకరు వేయాలి, ఒకరు అరవాలి, ఇద్దరు నిలువు గీతలు గీస్తూ లెక్క రాయాలి, ఐదో గీత అడ్డంగా.

గింజ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. అంటే వంద పందేల్లో రెండు దాదాపు 37 సార్లు, చెమ్మా, అష్టా ఆరేసి సార్లు పడాలి. చిన్నపిల్లలకి ఇది చెప్పొద్దు, వాళ్ళు గీసిన గీతల కుప్పల్లో రెండు కుప్పే పెద్దదని చూస్తే చాలు. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళ చేత 16 రకాలూ రాయించండి. ఆ తర్వాత గింజలు తీసేసి గవ్వలతో మళ్ళీ వంద వేయమనండి. లెక్క మారిపోతుంది, ఎందుకంటే గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు, వీపు ఉబ్బుగా ఉంటుంది. "మరి పుస్తకంలో నాణేనికి సగం సగం అని ఎలా రాశారు?" అని ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగిన రోజు నేను రెండు టీలు తాగాను ఆనందంతో.

వామన గుంటలు చిన్నవాళ్ళకి. వరసకి ఏడు, రెండు వరసలు, 14 గుంటలు. గుంటకి ఎన్ని గింజలన్నది ఊరికో లెక్క, ఐదేసి అయితే 70 గింజలు కావాలి, ఆ 70 ఎన్నో మీరు చెప్పకుండా "డబ్బాలోంచి సరిగ్గా సరిపడా తెండి" అనండి. ఎక్కాలు రానివాళ్ళు ఒక్కో గుంటా నింపుకుంటూ వెళ్తారు, వచ్చినవాళ్ళు లెక్కేసి తెస్తారు, మొదటివాళ్ళు రెండోవాళ్ళని చూస్తారు. పులి మేక పెద్దవాళ్ళకి, 3 పులులు, 15 మేకలు. మేకల పక్షం ఎప్పుడూ ఓడిపోతుందని ఏడుస్తారు. ఆట అయ్యాక ఐదు నిమిషాలు ఆ ఓడిన ఆటని వెనక్కి నడిపించండి, ఏ మేక దగ్గర తప్పు జరిగిందో వెతకమనండి. పులి గెంతాలంటే మేక వెనక ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ లేకుండా మేకలు జంటగా నిలబడాలి అన్న మాట పిల్లల నోటి నుంచి వచ్చేదాకా మీరు నోరు మూసుకుని కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం.

ముగ్గులు ఆడపిల్లల పని అని మగపిల్లలు పక్కకి పోతారు. చుక్కల లెక్కతో మొదలుపెడితే పోరు. ఎదురు చుక్క ముగ్గు, 7 నుంచి 1 వరకు. వరసలు 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం ఎన్ని? 25. ఇప్పుడు పైనుంచి ఒక్కో వరసా కలుపుతూ రమ్మనండి: 1, తర్వాత 4, తర్వాత 9, తర్వాత 16. ఈ సంఖ్యలు ఎక్కడో చూశామే అని ఎవరో ఒకరు అంటారు. 7 తర్వాత 9 చుక్కల వరస పెడితే ఎంతవుతుంది? చుక్కలు పెట్టకుండా చెప్పగలరా? బేసి సంఖ్యలు కలిపితే వర్గాలొస్తాయన్న పాఠం ముగ్గుపిండితో నేల మీద ఉంది, అదే నల్లబల్ల మీద రాస్తే సగం మంది ఆవులిస్తారు. సందు చుక్క వేరే రకం: 7 నుంచి 4 వరకు అంటే 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. 15 నుంచి 8 వరకు ఎన్ని చుక్కలో లెక్కపెట్టకుండా కనుక్కోమని పెద్దవాళ్ళకి వదలండి, 169 రావాలి. మా దగ్గర మొదట చెప్పింది వాళ్ళమ్మతో కలిసి రోజూ ముగ్గు పెట్టే పిల్ల, లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటని పిల్ల.

ఆకులు, అగ్గిపుల్లలు

సైన్సు కిట్లు కొనమని ఎవరైనా వస్తే వద్దనండి. అరవింద్ గుప్తా అనే ఆయన, ఐఐటీ కాన్పూర్‌లో చదివి, 2018లో పద్మశ్రీ అందుకున్నాయన, చెత్తలోంచి సైన్సు బొమ్మలు చేయడం దేశమంతా నేర్పాడు. అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయడం ఆయన ద్వారానే చాలామందికి తెలిసింది. మూడు పుల్లల త్రికోణం నొక్కినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం నొక్కగానే వాలిపోతుంది. ఎందుకు అని అడిగి, కరెంటు టవర్లలోనూ సినిమా హాలు పైకప్పులోనూ అన్ని త్రికోణాలు ఎందుకున్నాయో చూసి రమ్మని పంపండి. అగ్గిపుల్లల తల గీకేసి ఇవ్వండి, ఆ మాట చెప్పడం మర్చిపోయి ఒకసారి చాప కాలబెట్టుకున్నాం.

వినాయక చవితి ముందు వారం ఆకుల వారం. పూజలో 21 రకాల పత్రి వాడతారు, ఆ పేర్లు సంస్కృతంలో ఉంటాయి, పిల్లలకి చెట్లు తెలుసు, పేర్లు తెలియవు. చూత పత్రం అంటే మామిడి, అశ్వత్థం రావి, అపామార్గం ఉత్తరేణి, బదరీ రేగు, శమీ జమ్మి, సింధువారం వావిలి, అర్జున మద్ది. జతలు కలిపే ఆట పెట్టి, ఊరి చుట్టూ నడిపించి ఎన్ని దొరుకుతాయో చూడండి, ఆకు అంచు, ఈనెలు, వాసన బట్టి బొమ్మ గీయించండి. ముస్లిం, క్రైస్తవ పిల్లలు కూడా ఉంటారు కాబట్టి మా దగ్గర దీన్ని పూజగా కాక చెట్ల పాఠంగానే చేస్తాం, మా జాబితాలో 22వ ఆకు గోరింటాకు, అది రంజాన్‌కి చెట్టంతా దూసేసే పిల్ల చేర్చింది. కానీ జాగ్రత్త, ఆ 21లో కరవీరం అంటే గన్నేరు, దత్తూర అంటే ఉమ్మెత్త, అర్క అంటే జిల్లేడు. గన్నేరు, ఉమ్మెత్త విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆ మూడూ మీరే కోసి తెచ్చి దూరం నుంచి చూపించండి, నడక అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించండి.

కరెంటు పోయిన సాయంత్రం, వాన కురిసే సాయంత్రం కోసం ఒక్కటే చెప్తాను, కథ. ఒకరు ఒక వాక్యం చెప్పాలి, పక్కవాళ్ళు "అప్పుడేమైందంటే" అని అందుకోవాలి. చీకట్లో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడతారు. ప్రతి కథలోనూ దయ్యం వస్తుంది, రానివ్వండి.

కొట్టుకుంటారు, తిట్టుకుంటారు

నేను ఒక ఏడాది గోడ మీద పేర్లు రాసి స్టార్లు అతికించాను. మంచిగా ఉంటే బంగారు స్టారు, నెలాఖరుకి పెన్సిల్ బాక్సు. రెండు వారాల్లో ఏమైందంటే ఎవరికి వస్తాయో అందరికీ తెలిసిపోయింది, రానివాళ్ళు ప్రయత్నించడం మానేశారు, ఒక పిల్లాడు రాత్రిపూట కిటికీలోంచి దూరి తన పేరు పక్కన పన్నెండు స్టార్లు అతికించుకున్నాడు. వాణ్ణి నిలదీయడానికి నాకు మనసొప్పలేదు, చార్టే చింపేశాను. ఇప్పుడు మా దగ్గర బహుమతుల్లేవు, పనులున్నాయి. తాళంచెవి ఒకరిది, నీళ్ళ కుండ ఒకరిది, శనగలు పంచడం ఒకరిది, వారం వారం మారతాయి. ఎక్కువ అల్లరి చేసేవాడికి తాళంచెవి ఇవ్వండి, చూడండి ఎంత టైముకి వస్తాడో.

కొట్టొద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, బడికి వర్తించేది మన చాపకి వర్తించదని వాదించేవాళ్ళతో నాకు మాటల్లేవు. "నాలుగు తగిలించండి మేడం, మేమేం అనుకోం" అని తల్లిదండ్రులే అంటారు. నవ్వేసి "మీ వాడికి నా దగ్గర వేరే మందుంది" అనేయండి. ఇద్దరు కొట్టుకుంటే ముందు విడదీయండి, నీళ్ళు తాగించండి, పది నిమిషాలాగి ఒక్కొక్కర్నీ విడిగా అడగండి. అందరి ముందు పంచాయితీ పెడితే నిజం చెప్పరు, పరువు కాపాడుకుంటారు. కులం పేరుతో తిడితే మాత్రం అక్కడికక్కడే ఆపండి, అది అల్లరి కింద వదిలేసే విషయం కాదు, ఆ రోజే ఇంటికెళ్ళి మాట్లాడండి.

భద్రత, మొహమాటం లేకుండా

ఒక రిజిస్టరు పెట్టండి. ఎవరొచ్చారు, ఎవరు ఎవరితో వెళ్ళారు, ఇంటి ఫోన్ నంబరు. శీతాకాలంలో ఆరు కాకముందే చీకటి పడుతుంది, అప్పుడు అరగంట ముందే వదిలేయండి, ఒకే వీధి పిల్లల్ని గుంపుగా పంపండి. తలుపు ఎప్పుడూ తీసే ఉండాలి, ఒక్క పిల్లతో ఒక్క పెద్ద మనిషి మూసిన గదిలో ఉండకూడదు, ఆ పెద్ద మనిషి మీరైనా సరే, ఎంత పేరున్న దాతైనా సరే. ఫొటోలు దిగడానికి వచ్చే అతిథులకి ముందే చెప్పండి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని.

ఏ పిల్లైనా తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని చెప్తే మధ్యలో ఆపకుండా వినండి, పదిసార్లు గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వొద్దు, ఎందుకంటే చెప్పక తప్పదు. పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకోడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి తెలియజేయాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు. ఆ నంబరు పిల్లలకి కనపడే ఎత్తులో గోడ మీద పెద్దగా రాయండి.

కుక్కకాటు మా దగ్గర ఏడాదికి ఒకటో రెండో తప్పవు. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టనివ్వొద్దు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి టీకా మొదలుపెట్టించండి, గీరుకున్నంత మాత్రమే అయినా సరే. మిగతా డోసుల తేదీలు మీ రిజిస్టర్లో రాసుకోండి, మొదటి ఇంజెక్షన్ తర్వాత ఇంట్లోవాళ్ళు మర్చిపోతారు.

ఇక మీ సంగతి

ఈ పని చేసేవాళ్ళని ఎవరూ అడగరు, ఎలా ఉన్నావని. పొద్దున ఇంకో ఉద్యోగం చేసి సాయంత్రం ఇది చేసేవాళ్ళే ఎక్కువ. గొంతు ముందు పోతుంది. అరవకండి, చప్పట్ల గుర్తు నేర్పండి. మీరు ఒక తాళంలో మూడు చప్పట్లు కొడితే పిల్లలు అదే తాళంలో తిరిగి కొట్టి ఆగాలి. గోరువెచ్చని నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి.

రోజుకో కొత్త ఐడియా కోసం టెన్షన్ పడొద్దు. పిల్లలకి కొత్తదనం కన్నా తెలిసిన వరస ఇష్టం. తిండి, ఆట, హోంవర్కు, చదవడం, ఒక సరదా పని, ఇంటికి. సోమవారం గవ్వలు, మంగళవారం ఒత్తుల బస్సు, అలా వారానికి ఐదు చాలు, అవే నెలంతా తిప్పండి. ఒక రేకు డబ్బాలో చింతగింజలు, గవ్వలు, సుద్దముక్కలు, పాత శుభలేఖలు, వాల్వ్ ట్యూబు, దారం వేసి ఉంచుకోండి, మీకు ఒంట్లో బాగోలేని రోజు ఆ డబ్బా ఇచ్చేస్తే పెద్దపిల్లలే నడిపేస్తారు. మాకు జ్వరాల సీజన్లో నాలుగు రోజులు అలాగే నడిచింది.

ఒక్కరే ముప్పై మందిని చూసుకోవద్దు. కాలనీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయినో అబ్బాయినో కలుపుకోండి, ఊరికే కాదు, ఎంతో కొంత ఇచ్చి. మీ సెంటర్ నడిపే సంస్థ జీతం ఆలస్యం చేస్తే గట్టిగా అడగండి, "సేవ కదా" అంటే ఆ మాట అన్నవాళ్ళ జీతం ఎన్నో తారీఖున పడుతోందో అడగండి. నెలకోసారి తల్లుల్ని పిలవండి, మీటింగ్ అని కాదు, పిల్లలు వాళ్ళకి అష్టా చెమ్మా పందేల పట్టీ చూపించడానికి. చూపించాక తల్లులు గవ్వలు లాక్కుని తామే ఆడటం మొదలుపెడతారు, కంప్లైంట్లు చెప్పడం మర్చిపోతారు.

రోజూ తాళం వేసే ముందు ఒక చిన్న పుస్తకంలో రెండే రెండు వాక్యాలు రాయండి, ఇవాళ ఎవరు మాట్లాడలేదు, రేపు ముందు ఎవరితో మాట్లాడాలి. తర్వాత శనగల డబ్బా చూసుకోండి, ఖాళీ అయితే రాత్రికే నానబోయాలి.